చెవి కల్చర్ రిపోర్ట్‌లో పెద్ద నంబర్ ఉన్న మందే మంచిదా?

నెలల తరబడి చెవిలో చీము కారుతున్నవాళ్లు కల్చర్ రిపోర్ట్ (చీములో ఏ బ్యాక్టీరియా ఉందో, దాని మీద ఏ మందు పనిచేస్తుందో చూసే ల్యాబ్ పరీక్ష) ఫొటో తీసి పంపిస్తారు, కింద ఒకటే ప్రశ్న: "మేడమ్, సిప్రోఫ్లాక్సాసిన్‌కి 22 ఉంది, సెఫ్టాజిడైమ్‌కి 19 ఉంది, 22 ఉన్నదే కదా మంచిది?" కాదండీ! చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నా.

అసలు ఆ 22 ఏంటంటే, చీములోంచి పెంచిన బ్యాక్టీరియాను అగార్ (బ్యాక్టీరియా పెరిగే జెల్లీ) ప్లేట్ మీద పల్చగా పూసి, పైన 6 మిల్లీమీటర్ల కాగితపు బిళ్లలు పెడతారు, ఒక్కో బిళ్లలో ఒక్కో మందు. రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచి పొద్దున తీస్తే ప్లేటంతా మసక పొర కట్టేసి ఉంటుంది. సూడోమోనాస్ (ఇలా చీము కారే చెవుల్లో తరచూ దొరికే బ్యాక్టీరియా) అయితే కాస్త ఆకుపచ్చగా, మూత తీయగానే ద్రాక్షపండు వాసన (అవును, చీములోంచి వచ్చిన దానికే!). పని చేసిన బిళ్ల చుట్టూ మాత్రం పొర లేకుండా గుండ్రంగా ఖాళీ. ఆ ఖాళీని ఈ అంచు నుంచి ఆ అంచుకు స్కేలు పెట్టి కొలిస్తే వచ్చిన మిల్లీమీటర్లే మీ 22.

ఇప్పుడు తడి కాగితం మీద రెండు సిరా చుక్కలు వేయండి. ఒకటి చాలా దూరం పాకుతుంది, ఇంకోటి అక్కడక్కడే ఆగుతుంది. ఎక్కువ పాకిందే మంచి సిరా అంటామా? మందులూ అంతే, అగార్‌లో ఒక్కోటి ఒక్కోలా పాకుతుంది, అందుకే ఏ మందు పాస్ గీత దానిదే. సీఎల్ఎస్ఐ (ల్యాబ్ పరీక్షలకు ప్రమాణాలు పెట్టే సంస్థ) పట్టిక ప్రకారం సూడోమోనాస్ మీద సిప్రోఫ్లాక్సాసిన్‌కు కనీసం 25 రావాలి, సెఫ్టాజిడైమ్‌కు 18 వచ్చినా చాలు. అంటే మీ 22 సగంలో ఆగింది, ఆ 19 పాసైపోయింది. నంబర్ వదిలేసి పక్కనున్న ఎస్ (సెన్సిటివ్, పాస్), ఐ (మధ్యస్థం), ఆర్ (రెసిస్టెంట్, ఫెయిల్) అక్షరాలు చూడండి.

అలాగని ఆర్ రాగానే టెన్షన్ పడక్కర్లేదు. ఆ గీతలు గీసింది మింగే మందు, ఇంజెక్షన్ రక్తంలో ఎంత చేరతాయో లెక్కేసి. చుక్కల మందు సంగతి వేరు, సిరా చుక్క కాదు, సీసా మొత్తం అక్కడే ఒంపేసినట్టు! 0.3 శాతం సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కల్లో మిల్లీలీటరుకు 3000 మైక్రోగ్రాములుంటాయి, ల్యాబ్‌లో సెన్సిటివ్ అనడానికి హద్దు 0.5. కాబట్టి కాగితం మీద ఓడిన మందు చెవిలో గెలవచ్చు.

రివర్స్ కూడా జరుగుతుంది, కాగితం మీద గెలిచిన మందు చెవిలో ఓడొచ్చు. చెవిలో బ్యాక్టీరియా బయోఫిల్మ్ అనే జిగట పొర కట్టుకుని కూర్చుంటుంది. మైనం పూసిన కాగితంలోకి సిరా దిగుతుందా? అందుకే డాక్టర్ ముందు చీమంతా తీసి శుభ్రం చేశాకే చుక్కలు వేయమంటారు, చాలామంది ఎగ్గొట్టేది ఈ పనినే.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. మామూలు చెవిపోటుకు ఇచ్చే అమాక్సిసిలిన్ సూడోమోనాస్‌ను ఏమీ చేయలేదు, ఇంట్లో మిగిలిన స్ట్రిప్పు తీయకండి. కర్ణభేరికి చిల్లు ఉంటే జెంటామైసిన్ లాంటి చుక్కలు వినికిడినే దెబ్బతీయొచ్చు, అడక్కుండా వేయకండి. చుక్కలు మొదలుపెట్టాక స్వాబ్ (దూదిపుల్లతో చీము నమూనా) తీస్తే ఏమీ పెరగకపోవచ్చు, కల్చర్‌కు ముందే ఇవ్వండి. చీముతో పాటు విపరీతమైన దురద, నల్లటి చుక్కల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు, దానికి ఈ బిళ్లలేవీ పనికిరావు, అది వేరే వీడియో.