పాప ఎవరిది? కెమెరా ఎవరిది?

(హైదరాబాద్ స్టూడియో, రాత్రి 9 గంటల చర్చ. ఓ నాయకుడి కోడలు నాలుగేళ్ల కూతురి కోసం ఫ్యామిలీ కోర్టుకెక్కింది. రెండు రోజులుగా ఏ ఛానల్ పెట్టినా అదే. మాటల మీద మాటలు పడ్డచోట వినబడినంతే రాశాం.)

యాంకర్: తల్లీబిడ్డలను వేరుచేస్తుంటే మీడియా ఎవరి పక్షాన ఉంది? అందరికీ సమాన సమయం ఇస్తాం. లాయర్ గారూ, ముందు మీరు.

న్యాయవాది: 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలండీ. అయితే 13వ సెక్షన్‌లో బిడ్డ క్షేమమే అన్నిటికన్నా...

సీనియర్ జర్నలిస్టు: ఒక్క నిమిషం మేడమ్. సెక్షన్లు తర్వాత. 2000 ఏప్రిల్ 22, అమెరికాలోని మియామీ. ఎలియాన్ గొంజాలెజ్, ఆరేళ్ల పిల్లాడు. క్యూబా నుంచి పడవలో వస్తూ తల్లి సముద్రంలో పోయింది. క్యూబాలో ఉన్న తండ్రి కొడుకు కోసం అమెరికా వచ్చాడు. మియామీ బంధువులేమో పంపేది లేదన్నారు. తెల్లారకముందే అమెరికా ప్రభుత్వ ఏజెంట్లు ఆ బంధువుల ఇంట్లోకి దూరారు. ఎదురుగా తుపాకీ, పిల్లాడి ముఖంలో భయం. ఆ ఫోటోకి పులిట్జర్ జర్నలిజం అవార్డు వచ్చింది. అదే రోజు తండ్రి పక్కన నవ్వుతున్న ఫోటో కూడా బయటికొచ్చింది. క్యూబా పాలకుడు క్యాస్ట్రో అంటే పడనివాళ్లు మొదటిది పట్టుకున్నారు, పంపెయ్యమన్నవాళ్లు రెండోది.

యాంకర్: అంటే తల్లి మనసు...

జర్నలిస్టు: తల్లి మనసు కాదు బాబూ, ఫోటో! అప్పుడు నేను డెస్కులో ఉన్నా. తుపాకీ ఫోటోనే పెద్దగా వేశాం. ఎందుకు? ఏడుపుకి గిరాకీ ఎక్కువ!

పిల్లల హక్కుల కార్యకర్త: మరి మీ వెనక స్క్రీన్ చూడండి సార్. పాప కోర్టు మెట్ల మీద ఏడుస్తున్న క్లిప్ ఇందాకటి నుంచి తిరుగుతూనే ఉంది.

యాంకర్: బ్లర్ చేశాం మేడమ్.

కార్యకర్త: ముఖం బ్లర్ చేశారు. యూనిఫామ్ బ్యాడ్జి మీద స్కూలు పేరు చదవొచ్చు.

యాంకర్: చూస్తాం. తల్లి కన్నీళ్లను ఓ వర్గం మీడియా దాస్తోందా? అదీ నా ప్రశ్న.

పార్టీ ప్రతినిధి: తండ్రి మాట ఒక్క ఛానలైనా వేసిందా అండీ? ఇదంతా మా నాయకుడి మీద కుట్ర...

జర్నలిస్టు: మీ వాళ్లకి ఛానల్ లేదా అన్నా? అందులో పొద్దున్నుంచి ఏం వేస్తున్నారు?

ప్రతినిధి: మా ఛానల్ కాదు, అభిమానులది.

(నవ్వులు. యాడ్ల డబ్బు మీద రెండు నిమిషాలు కేకలు. సగం వినబడలేదు.)

న్యాయవాది: ఫ్యామిలీ కోర్టుల చట్టం, 1984. 11వ సెక్షన్. ఇద్దరిలో ఒక్కరు అడిగినా విచారణ తలుపులు మూసి జరపాలి. కెమెరాలు మెట్ల దాకా...

జర్నలిస్టు: మెట్లంటే గుర్తొచ్చింది. నిన్న పురానీ హవేలీలో ఫ్యామిలీ కోర్టు దగ్గర ఛానళ్ల లైవ్ వ్యాన్లు అడ్డంగా పెట్టారు. నా బండి పోలేదు. ఆటోవాడు ‘ఏ సినిమా షూటింగ్ సాబ్?’ అన్నాడు!

యాంకర్: అదే, తల్లి ఆవేదన సినిమా అయిపోయింది.

కార్యకర్త: సినిమా తీస్తున్నది మనమే కదండీ! ఆ బ్యాడ్జి...

జర్నలిస్టు: (గొంతు పెంచి) దాచిపెడితే లాభం ఎవరికి? పవర్ ఉన్నవాడికి! క్లిప్ చూపించాల్సిందే.

కార్యకర్త: ఫోటో మోసం చేస్తుందని ఇందాక మీరే...

జర్నలిస్టు: మియామీ వేరు, ఇది వేరు.

యాంకర్: కరెక్ట్, చూపించాల్సిందే. లాయర్ గారూ, పది సెకన్లలో?

న్యాయవాది: బిడ్డ క్షేమం అనేది...

(ఆమె వాక్యం ఈసారీ పూర్తి కాలేదు. జర్నలిస్టు మళ్లీ ఎలియాన్ ఎత్తుకున్నారు: జూన్ 28న క్యూబా చేరాడని, 2023లో అక్కడ పార్లమెంటు సభ్యుడయ్యాడని. పాప కేసుతో దానికేం సంబంధమో ఎవరూ అడగలేదు.)

యాంకర్: టైమ్ లేదు. బ్రేక్ తర్వాత మా ఎక్స్‌క్లూజివ్: పాప చదివే స్కూలు దగ్గర నుంచి మా ప్రతినిధి లైవ్‌లో.