డి డ్రైవ్‌లో ఏముందని అడగండి
(తెలుగు భాషా దినోత్సవం నాడు శ్రీకాకుళంలో చేసిన ప్రసంగం పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీద పెద్దలున్నారు. పేరుపేరునా తలుచుకోవడం మర్యాదే గానీ నాకిచ్చింది ఇరవై నిమిషాలు. అందరికీ కలిపి ఒక దండం పెట్టుకుంటున్నాను, మన్నించండి.

నాకు “కంప్యూటర్లో తెలుగు” అని అంశం ఇచ్చారు. ఈ ఊళ్లో ఇరవై రెండేళ్లుగా డీటీపీ పని చేస్తున్నాను. పెళ్లికార్డులు, కరపత్రాలు, కవుల పుస్తకాలు, అన్నీ చేశాను. ఏ కంప్యూటర్లోనైనా తెలుగు ఒకేలా కనిపించేలా చేసే యూనికోడ్ గురించి నాలుగు కాగితాలు రాసుకొచ్చాను కూడా. అవి ఇక్కడ పెట్టేస్తున్నాను. ఎందుకంటే నిన్న సాయంత్రం ఒక డిగ్రీ కుర్రాడు షాపుకొచ్చాడు. “సార్, విండోస్ 10కి టైమైపోయింది కదా, నాన్నగారి సిస్టమ్‌కి పెన్‌డ్రైవ్‌తో 11 కొడుతున్నాను. మధ్యలో ఏదో ఎర్రర్ వచ్చింది, ఏం నొక్కమంటారు?” అని ఫోన్లో ఫోటో చూపించాడు. అది చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. 2016లో మా అమ్మమ్మ పాటలు పోయింది సరిగ్గా ఆ ఎర్రర్ దగ్గరే.

మా అమ్మమ్మది ఉద్దానం. చదువు లేదు. దంపుడు పాటలు, ఉడుపుల పాటలు ఆవిడకి ఎన్ని వచ్చో లెక్క లేదు. 2011లో పండక్కి వెళ్లినప్పుడు మూడు రోజులు కూచోబెట్టి ఫోన్లో రికార్డు చేశాను. నలభై మూడు పాటలు. మొదటి పాట తిరిగి వినిపిస్తే, “ఇదేటిరా బాబూ, నా గొంతిక దీన్లోకెలాగెల్లిపోనాది?” అని నా చేతిలో ఫోన్ లాక్కుని వెనక్కి తిప్పి చూసింది. మూడేళ్లకి పోయింది. ఆ పాటలు నా కంప్యూటర్లో, డి డ్రైవ్‌లో, “అమ్మమ్మ” అనే ఫోల్డర్లో ఉండేవి. ఇంకెక్కడా లేవు. ఈ మాట మళ్లీ చెబుతున్నాను. ఇంకెక్కడా లేవు.

2016 జూలై నెలాఖరుకి విండోస్ 10కి ఉచితంగా మారే గడువు అయిపోతుందని అందరూ పరిగెత్తారు. నా దాంట్లో విండోస్ 7. నేనూ ఒక రిపేరు షాపులో ఇచ్చాను. ఆ షాపు పేరు చెప్పను, దాని అవసరం లేదు. అక్కడి గుంటడు పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేశాడు, అంటే కంప్యూటర్ని దాని నుంచే లేపాడు. డిస్కు ఎంచుకునే చోట తెర మీద ఒక వాక్యం పడింది. ఎంచుకున్న డిస్కులో ఎంబీఆర్ పార్టిషన్ పట్టిక ఉంది, ఈఎఫ్ఐ సిస్టమ్‌లో విండోస్‌ని జీపీటీ డిస్కులోనే వేయగలం అని. అంటే, నాయనా, డిస్కు పాత పద్ధతి ఎంబీఆర్‌లో ఉంది, నువ్వు పెన్‌డ్రైవ్‌ని కొత్త పద్ధతి యూఈఎఫ్ఐలో లేపావు, రెంటికీ పొసగదు అంటోంది. అంతకంటే ఏమీ లేదు. డిస్కు పాడవలేదు, వైరస్ రాలేదు. కంప్యూటర్ ఆపి, బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తుంది చూడండి, ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నది వదిలేసి రెండోది నొక్కితే సరిపోయేది.

ఆ అబ్బాయి అది చెయ్యలేదు. డిస్కులోని ఒక్కో భాగాన్ని, అదే పార్టిషన్‌ని, ఎంచుకుని డిలీట్ కొట్టుకుంటూ పోయాడు. సి పోయింది, డి పోయింది. మొత్తం ఖాళీ జాగా అయ్యాక ఎర్రర్ పోయింది. పోతుంది మరి! ఇల్లు కూల్చేస్తే చెదలు కూడా పోతాయి.

డిలీట్ నొక్కినప్పుడు తెర ఊరుకోలేదు. ఇందులో ముఖ్యమైన ఫైళ్లు ఉండొచ్చు, తీసేస్తే అన్నీ పోతాయి అని అడిగింది. ఇంగ్లీషులో అడిగింది. ఆ అబ్బాయి చదవకుండా ఓకే కొట్టాడు. అదే మాట తెలుగులో, “ఇది నొక్కితే ఇందులో దాచుకున్నవన్నీ పోతాయి” అని పడి ఉంటే, వేలు ఒక్క క్షణం ఆగేదని నా నమ్మకం. కంప్యూటర్లో తెలుగు గురించి నేను చెప్పాలనుకున్నది ఈ ఒక్కటే.

ఈ రోజు ఎవరి పుట్టినరోజు? గిడుగు రామమూర్తి పంతులు గారిది. 1863లో ఇక్కడే పర్వతాలపేటలో పుట్టారు. జనం మాట్లాడే భాష పుస్తకంలోకి రావాలని జీవితమంతా పోరాడారు. పర్లాకిమిడిలో మేష్టారుగా ఉంటూ సవరల భాష నేర్చుకున్నారు. మన్యంలో జ్వరాలొస్తే వాడిన క్వినైన్ వల్ల ఆయనకి వినికిడి పోయింది. అయినా 1931లో సవర భాషకి వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. చదువురాని మనుషుల నోటి మాట పోకూడదని ఒక మనిషి తన చెవులు పోగొట్టుకున్నాడు. మనం చెవులుండీ ఒక బటన్‌తో మా అమ్మమ్మని తుడిచేశాం. “మనం” అంటున్నాను. డి డ్రైవ్‌లో ఏముందని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు.

తర్వాత చేసిన తప్పు పూర్తిగా నాది, అది మీరు బాగా వినాలి. పార్టిషన్ డిలీట్ చేస్తే లోపలివి వెంటనే పోవు. పొలం పొలంలాగే ఉంటుంది, అడంగల్ చింపేశారంతే. ఎవరూ కొత్తగా దున్నకపోతే గట్లు వెతికి పట్టుకోవచ్చు. టెస్ట్‌డిస్క్ అని, ఫోటోరెక్ అని ఉచిత ప్రోగ్రాములున్నాయి, ఆ పని చేస్తాయి. కానీ నేను సిస్టమ్ ఇంటికి తెచ్చుకుని, డి డ్రైవ్ ఖాళీగా ఉందేమిటా అనుకుంటూనే, పెళ్లిళ్ల సీజను కార్డుల ఫైళ్లన్నీ దాంట్లోకి ఎక్కించాను. నాలుగు రోజులు పని చేశాను. పొలం దున్నేశాను. ఐదో రోజు విశాఖలో తెలిసినాయన దగ్గరికి డిస్కు పట్టుకెళ్తే పదకొండు పాటలు దొరికాయి. పేర్లు లేవు. ఎఫ్ అక్షరం, దాని పక్కన ఏడు అంకెలు. ఏ పాటో వింటే గానీ తెలీదు. అది మామూలు హార్డ్‌డిస్కు కాబట్టి ఆ మాత్రమైనా దొరికింది. ఇప్పటి ఎస్ఎస్‌డీలైతే, ట్రిమ్ అనే ఏర్పాటు ఉంటుంది, ఖాళీ అనుకున్న జాగాని అదే ఊడ్చేస్తుంది. ఆశ పెట్టుకోకండి.

ఒకటి వినిపిస్తాను. బాబూ, ఆ ఫ్యాను ఒక్క నిమిషం ఆపుతారా?

(ఇక్కడ రికార్డింగు వినిపించాను.)

విన్నారా, రోకటి పోటుకీ పోటుకీ మధ్య గాజుల చప్పుడు? మధ్యలో “ఆగు, మరిసిపోనాను” అని ఆగింది, మళ్లీ పై చరణం నుంచి ఎత్తుకుంది. ఆ ఆగడం కూడా ఉంది దీంట్లో. మిగిలిన ముప్పై రెండిట్లో ఎక్కడెక్కడ ఆగిందో నాకు గుర్తు లేదు.

సరే. ఇంట్లో కంప్యూటరో ల్యాప్‌టాపో ఉన్నవాళ్లు చేతులెత్తండి. ...చాలామంది. ఇప్పుడు, అందులో ఉన్నవి ఇంకో చోట కాపీ ఉన్నవాళ్లే ఎత్తి ఉంచండి. ...నలుగురు. అమ్మా, మీరు దించేశారు, మీ పిల్లల ఫోటోలు ఎక్కడున్నాయి? చూశారా.

కుర్రాళ్లకి చెబుతున్నాను, ఊళ్లో ఈ పని చేసేది మీరే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు అయిపోయింది, కాబట్టి ఇంటింటా మీ చేతికే పెన్‌డ్రైవ్ ఇస్తారు. అప్‌గ్రేడ్ వేరు, కొత్తగా కొట్టడం వేరు. ఫైళ్లూ ప్రోగ్రాములూ ఉంచి పైకి వెళ్లాలంటే పెన్‌డ్రైవ్‌తో బూట్ చెయ్యకూడదు. విండోస్ నడుస్తుండగానే పెన్‌డ్రైవ్ తెరిచి సెటప్ నొక్కాలి. బూట్ చేసి అప్‌గ్రేడ్ ఎంచుకుంటే అదే చెబుతుంది, ఇక్కడ కుదరదు, విండోస్‌లోకి వెళ్లి మొదలుపెట్టు అని. చాలామంది అది చదవకుండా పక్కనున్న రెండో దారి, కొత్తగా కొట్టేది, నొక్కుతారు. లోపలి నుంచి చేస్తే పాతది విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్లో ఉంటుంది, నచ్చకపోతే పది రోజుల లోపు వెనక్కి రావొచ్చు.

నిన్నటి అబ్బాయికీ అదే చెప్పాను. సెటప్ మూసెయ్, ఏదీ డిలీట్ చెయ్యకు, ముందు నాన్నగారి ఫైళ్లు బయటి డిస్కులోకి తీసుకో. ఆ తర్వాత డిస్కుని పాత పద్ధతి నుంచి కొత్త పద్ధతికి మార్చే ఎంబీఆర్‌టూజీపీటీ అనే పనిముట్టు 2017 నుంచి విండోస్ 10లోనే వస్తోంది, లోపలివి చెరపకుండా మారుస్తుంది. మార్చాక బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలో, యూఈఎఫ్ఐ పెట్టుకోవాలి, లేకపోతే లేవదు. నాకు 2016లో ఆ పనిముట్టు లేదు. నీకుంది.

మిగతా చిక్కులు చిన్నవి. పెన్‌డ్రైవ్ బూట్ మెనూలో కనిపించకపోతే చాలాసార్లు తప్పు తయారీలోనే ఉంటుంది. విండోస్ మొత్తం ఒకే ఫైలుగా వచ్చే ఐఎస్ఓని ఉత్తినే కాపీ చేస్తే అది బూట్ కాదు. లోపలి ఫైళ్లని విప్పి కాపీ చేసినా, ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే పనిముట్టుతోనో రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాముతోనో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోండి. అప్పుడు ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి కూడా పోతాయి, అందులోనూ ఎవరివో ఫోటోలుంటాయి, చూసుకోండి. సెటప్ అయి రీస్టార్ట్ అయ్యాక మళ్లీ మొదటికే వస్తోందంటే అది పెన్‌డ్రైవ్ నుంచే లేస్తోందన్న మాట, తీసేయండి. కొత్త ఇంటెల్ ల్యాప్‌టాపుల్లో అసలు డిస్కే కనిపించకపోతే డిస్కు పోయిందని బెంబేలెత్తకండి, స్టోరేజీ డ్రైవర్ విడిగా ఎక్కించాలి. విండోస్ 11 అడిగే భద్రతా చిప్పు టీపీఎం 2.0 లేదంటే ముందు బయోస్‌లో చూడండి, ఉండీ ఆపేసి ఉండొచ్చు. బయోస్ ముట్టుకునే ముందు మాత్రం బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్కుకి వేసే తాళం, దాని తాళంచెవి 48 అంకెలు రాసుకోండి. అది అడిగినప్పుడు లేకపోతే మీ ఫైళ్లు మీ ఎదురుగానే ఉంటాయి, మీకు మాత్రం దొరకవు.

మా డీటీపీ వాళ్లకి ఒక ముక్క. కొత్తగా కొట్టాక పాత మేటరు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులొస్తాయి. ఫైలు పాడైందని తుడిచేసినవాళ్లని చూశాను. పాడవలేదండీ! మనం ఇన్నాళ్లూ కొట్టింది “అను” అనే పాత తెలుగు ఫాంట్లలో, యూనికోడ్‌లో కాదు. ఆ ఫాంట్లు మళ్లీ వేస్తే మేటరు మేటరులాగే ఉంటుంది.

ఇంకొకటి మరిచిపోయాను. ఆ పదకొండు పాటలూ మూడు కాపీలు చేసి ఒకటి ఉద్దానంలో పిన్ని ఇంట్లో పెట్టాను. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పిన్ని ఇంటి పెంకులు లేచిపోయాయి, డిస్కు నీళ్లలో నానింది. మిగతా రెండూ శ్రీకాకుళంలో, విశాఖలో ఉన్నాయి కాబట్టి ఇవాళ మీరు ఆ గొంతు విన్నారు. రెండు కాపీలూ ఒకే బీరువాలో పెట్టకండి.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి వెనక గదిలో ఉంటాను, సిస్టమ్‌లు తీసుకొచ్చినవాళ్లు రండి. బయటి డిస్కు కూడా తెచ్చుకోండి. కాపీ తీయని మెషీన్‌కి నేను పెన్‌డ్రైవ్ పెట్టను, ఎవరు చెప్పినా పెట్టను. ముందు మీరూ నేనూ కూచుని డి డ్రైవ్ తెరుస్తాం, ఒక్కో ఫోల్డర్లో ఏముందో మీరు నాకు చెప్పాలి.