లైన్ ఆపిన అమ్మాయిని తిట్టకండి

చౌటుప్పల్, దండు మల్కాపురం షెడ్ల నుంచి వచ్చిన యజమానులకు, సూపర్‌వైజర్ తమ్ముళ్లకు, ఐటీఐ పిల్లలకు నమస్కారం. శాలువాలు తర్వాత కప్పుకుందాం.

నాణ్యత ఖర్చును నాలుగు పద్దుల్లో రాస్తారు. తప్పు రాకుండా చూసుకోవడానికి, తనిఖీకి, ఫ్యాక్టరీలోనే బయటపడ్డ తప్పులకు, కస్టమర్ చేతికి పోయాక బయటపడ్డ తప్పులకు. మన దగ్గర మొదటి పద్దుకు ఎప్పుడూ పైసలుండవు. చివరి దానికి అప్పు చేసైనా కడతాం. లాట్ వాపసు వస్తే లారీ కిరాయి, విప్పి మళ్లీ బిగించడానికి ఓవర్‌టైం, ఆగిపోయిన బిల్లు, చేజారిన ఆర్డర్... అన్నీ మన నెత్తి మీదే.

పద్దుల గురించి ఇంకా చాలా రాసుకొచ్చాను. అది పక్కన పెడతాను, ఒక అమ్మాయి సంగతి చెప్పాలి.

నేను పనిచేసిన ఒక కరెంటు ప్యానెల్ బోర్డుల యూనిట్‌లో ఆమె టెర్మినల్ స్క్రూలు, అంటే వైర్లను పట్టి ఉంచే స్క్రూలు బిగించేది. స్క్రూడ్రైవర్ బిట్టు అరిగిపోయి స్క్రూ తల మీద జారుతోందని లైన్ ఆపింది. టార్గెట్ పోతుందని అందరి ముందు తిట్టారు, సగం రోజు కూలి కోశారు. మర్నాటి నుంచి ఆ లైన్‌లో ఒక్కరూ నోరు తెరవలేదు. స్క్రూ వదులుగా ఉంటే అక్కడ వేడి పుడుతుంది. టెర్మినళ్లు మాడిపోయి బోర్డులు తిరిగొచ్చాయి. వంద రూపాయలు కూడా చేయని బిట్టు అది! చెప్పిన మనిషినే శిక్షించాం కదా, ఇక తర్వాత ఎవరు చెబుతారు?

జపాన్‌లో 1961లో షిగేయో షింగో అనే ఇంజనీర్ దగ్గరికి ఇలాంటి సమస్యే వచ్చింది. చిన్న స్విచ్‌లో రెండు స్ప్రింగులు పెట్టాలి, అప్పుడప్పుడు ఒకటి మర్చిపోతున్నారు. ఆయన ఎవరినీ తిట్టలేదు. ముందు రెండు స్ప్రింగులూ ఒక పళ్లెంలో తీసి పెట్టుకోమన్నారు. పని అయ్యాక పళ్లెంలో ఒకటి మిగిలిందంటే, మర్చిపోయినట్టే. కొత్త మెషిన్ ఏదీ కొనలేదు.

టయోటా కార్ల కంపెనీ మూలం మగ్గమే. టయోటా గ్రూపు మూలపురుషుడు సకిచి టయోడా 1924లో తెచ్చిన మగ్గం పోగు తెగగానే దానంతటదే ఆగేది. పోచంపల్లి, పుట్టపాక వాళ్లకు ఇది నేను చెప్పాలా? తెగిన పోగు మీద ఎవరైనా నేత నేస్తారా? మరి మన లైన్‌లో ఎందుకు నేస్తున్నాం?

యజమానులను చేతులు జోడించి అడుగుతున్నాను. లైన్ ఆపే హక్కు చివరి హెల్పర్‌కు కూడా ఇవ్వండి. ఆపితే సూపర్‌వైజర్ పరుగున వచ్చి ‘ఏమైందమ్మా’ అని అడగాలి. రిజెక్ట్ పేరుతో కూలి కోయడం ఈ నెల జీతాల నుంచే ఆపేయండి. ఆపుతామనేవాళ్లు చేతులెత్తండి, వెనక వరసలో పనివాళ్లు కూర్చున్నారు, వాళ్లకు కనబడేట్టు ఎత్తండి.