మూడో వారానికే జిమ్ ఎందుకు మానేస్తాం?

[స్క్రీన్ మీద: కిటకిటలాడుతున్న జిమ్]

జనవరి మొదటి వారంలో ఏ జిమ్‌కైనా వెళ్లి చూడండి, ట్రెడ్‌మిల్ దొరకాలంటే నిలబడాల్సిందే. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చి, నెలాఖరున అదే జిమ్‌లో అడుగు పెడితే? సగం మెషిన్లు ఖాళీ. "మనవాళ్లు ఆరంభశూరులండీ, బద్ధకం" అని తేల్చేస్తాం.

నన్నడిగితే బద్ధకం పాత్ర తక్కువే. మొదటి వారం చేసిన హడావుడే కొంప ముంచుతుంది.

[స్క్రీన్ మీద: రెయిలింగ్ పట్టుకుని, పక్కకి తిరిగి మెట్లు దిగుతున్న మనిషి]

ఈ నడక గుర్తుపట్టారుగా? సోమవారం ఊపులో వంద గుంజీలు తీశారు. మంగళవారం కాస్త పట్టేసినట్టు ఉంది, పర్లేదు. బుధవారం మాత్రం కుర్చీలో కూర్చోవాలన్నా చెయ్యి ఆసరా కావాలి. ఇలాంటి నొప్పి సాధారణంగా వ్యాయామం చేసిన 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయిందని చాలామంది అంటారు కానీ, అది గంటా రెండు గంటల్లోనే రక్తంలోంచి తగ్గిపోతుంది. అసలు సంగతి వేరే ఉంది. గుంజీలో కిందికి దిగేటప్పుడు తొడ కండరం బరువు మోస్తూనే సాగుతుంది. అలవాటు లేని కండరంలో అప్పుడు సూక్ష్మంగా దెబ్బ తగులుతుంది, శరీరం దాన్ని బాగుచేసుకునే క్రమంలో నొప్పి వస్తుంది.

మంచి విషయం ఏంటంటే, అదే వ్యాయామం కొన్నాళ్లకి మళ్లీ చేస్తే నొప్పి బాగా తక్కువగా ఉంటుంది. కానీ అంతదాకా ఆగేదెవరు? నొప్పి తగ్గకముందే "నో పెయిన్, నో గెయిన్" అంటూ మళ్లీ వంద తీస్తారు. ఆ తర్వాత జిమ్ పేరు చెబితేనే నీరసం.

ఇంకోటి, కండరానికి బలం తొందరగానే వస్తుంది. దాన్ని ఎముకకి పట్టి ఉంచే స్నాయువుకి ఇంకా ఎక్కువ టైమ్ కావాలి. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ ఉందని జూన్‌లో బూట్లు కొని, వారం తిరక్కుండానే పది కిలోమీటర్లకి ఎగబడేవాళ్లు మడమ పట్టుకుని కూర్చునేది ఇందుకే.

[స్క్రీన్ మీద: 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక]

1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ 'కౌచ్ టు 5కె' అని, అంటే సోఫాలోంచి లేచి ఐదు కిలోమీటర్లు పరుగెత్తేదాకా, ఒక ప్లాన్ తయారుచేశాడు. తొమ్మిది వారాలు, వారానికి మూడు రోజులే. మొదటి వారం 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, అలా 20 నిమిషాలు. "ఇంతేనా?" అనిపిస్తుంది. అలా అనిపించాలి కూడా! ఇంకాస్త చేయగలను అనిపించినప్పుడే ఆపేసి ఇంటికెళ్తే, ఎల్లుండి మళ్లీ రావాలనిపిస్తుంది.

వేగం సంగతికొస్తే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అది మోస్తరు శ్రమ. పెద్దవాళ్లకి అలాంటిది వారానికి 150 నుంచి 300 నిమిషాలు, దాంతోపాటు రెండు రోజులు కండరాల వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కనీసం పది నిమిషాలు ఏకబిగిన చేయాలన్న పాత షరతు కూడా తీసేసింది. ఆఫీసులో నాలుగు అంతస్తులు ఎక్కినా లెక్కలోకే వస్తుంది. జిమ్ నచ్చకపోతే షటిల్ ఆడండి, దానికి పెద్ద చర్చ అక్కర్లేదు.

[స్క్రీన్ మీద: క్యాలెండర్, మధ్యలో ఒక ఖాళీ గడి]

ఇక మానేసిన రోజుల సంగతి. ఇంట్లో పెళ్లి, నైట్ షిఫ్ట్, పిల్లాడికి జ్వరం, ఇవన్నీ ఉండేవే. లండన్‌లో 96 మంది మీద చేసిన ఒక అధ్యయనం 2009లో వెలువడింది. అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలు, ఇంకొందరికి 254 దాకా పట్టొచ్చని అంచనా. ఒక రోజు తప్పిపోయినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు. ఈ లెక్కన, 21 రోజుల్లో ఏదైనా అలవాటైపోతుందనే ఛాలెంజ్ చివర్లో అలవాటు కాలేదని దిగులుపడక్కర్లేదు.

వ్యాయామం ఒత్తిడి ఎక్కువైతే శరీరమే చెబుతుంది. నిద్ర సరిగా పట్టదు, ఊరికే చిరాకు, పొద్దున లేవగానే చూస్తే నాడి మామూలుకన్నా వేగంగా ఉంటుంది, నిన్నటి డంబెల్ ఇవాళ బరువనిపిస్తుంది. ఇవన్నీ కలిసి కొన్ని రోజులు కనిపిస్తే ఆ వారం సగానికి తగ్గించండి. ఛాతీలో నొప్పి వచ్చినా, విపరీతంగా వ్యాయామం చేశాక మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారినా మాత్రం ఆలోచించకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

రెండు మూడు వారాలు గ్యాప్ వచ్చిందా? పాత బరువులతో మొదలుపెట్టొద్దు. సగం బరువుతో, సగం సెట్లతో ఒక వారం చేయండి. ట్రైనర్ నవ్వితే నవ్వనివ్వండి, బుధవారం మెట్లు దిగాల్సింది మీరే కదా.