ఒడ్డు నుంచి గాలం: ముందు సీసం, తర్వాతే రాడ్డు

[తెర మీద: తడి ఇసుక. అల వెనక్కి పోతూ ఒక సీసపు గుండును దొర్లించుకుపోతోంది.]

వ్యాఖ్యానం: గుండు చూశారా? అల లాగింది, దొర్లుకుంటూ పోయింది. ఎర కూడా దాని వెంటే పోతుంది. కాసేపటికి తంగూసు మొత్తం ఒడ్డుకే కొట్టుకొస్తుంది. తప్పు రాడ్డుది కాదు, బరువు చాలలేదు, అంతే. ఒడ్డున గాలం వేయడానికి రాడ్డు, రీలు కొనాలంటే లెక్క ఈ గుండు దగ్గరే మొదలుపెట్టాలి.

సముద్రం నెమ్మదిగా ఉంటే 60 నుంచి 80 గ్రాములు నిలుస్తుంది. మామూలు కెరటాలకు 100 నుంచి 150 పడుతుంది. నీరు పక్కకు గట్టిగా లాగుతుంటే బరువు పెంచుకుంటూ పోవద్దు. తీగ కాళ్లున్న గుండు కట్టండి. ఆ కాళ్లు ఇసుకలో నాటుకుంటాయి. గట్టిగా లాగితే వెనక్కి మడుచుకుని గుండును వదిలేస్తాయి.

[దగ్గరగా: రాడ్డు పిడికి కాస్త పైన ముద్రించిన అంకెలు]

వ్యాఖ్యానం: ఇక రాడ్డు. దీని మీద '100–150 గ్రా.' అనో '4–6 ఔన్సులు' అనో ఉంటుంది. ఔన్సంటే 28 గ్రాములు. గుండు, ఎర కలిపి ఈ హద్దుల్లో ఉండాలి. ఎర బరువు లెక్కేయడం చాలామంది మర్చిపోతారు. 150 గ్రాముల గుండుకు తోడు పెద్ద చేపముక్క గుచ్చితే 200 దగ్గరికి పోతుంది, రాడ్డు విరగడానికి దారి అదే. హద్దుకన్నా తక్కువ కట్టినా లాభం లేదు. రాడ్డు వంగదు. వంగని రాడ్డు విసరదు, మీ భుజమే విసరాలి.

పొడవు 12 అడుగులైతే చాలామందికి సరిపోతుంది. దారం అలల తలల మీదుగా పైకి నిలుస్తుంది, విసురు కూడా అందుతుంది. పొట్టిగా ఉన్నవాళ్లు 10, 11 అడుగులది తీసుకోండి. 14 అడుగులదైతే ఇంకా దూరం పోతుందనుకోవద్దు. అదుపు తప్పిన పొడవు దూరాన్ని తగ్గిస్తుంది. కొనేముందు రాడ్డు అడుగు కొసను చంకలో పెట్టి, చెయ్యి రాడ్డు వెంట చాచండి. రీలు బిగించే చోటు మీ వేళ్లకు అందాలి. అందకపోతే విసిరేటప్పుడు ప్రతిసారీ ముందుకు వంగాల్సి వస్తుంది.

కొత్తవాళ్లు మరీ బిరుసుగా ఉన్నది ఎంచుకోవద్దు. కొసతోపాటు నడుము దాకా కాస్త వంగేదైతే, విసురులో క్షణం తేడా వచ్చినా సర్దుకుంటుంది. రెండు మూడు ముక్కలుగా విడదీసే రాడ్డే మేలు. ఒకదాంట్లోకి ఒకటి జారే మడత రాడ్డు సంచిలో పెట్టుకోవడానికి బాగుంటుంది కానీ, అతుకుల్లో ఇసుక దూరిందంటే ఇక బిగుసుకుపోతుంది.

[దగ్గరగా: గైడు రింగులో తిప్పుతున్న దూది]

వ్యాఖ్యానం: రాడ్డు పొడవునా దారం దూరిపోయే రింగులే గైడులు. ప్రతి గైడులోనూ చిన్న దూది ముక్క తిప్పి చూడండి. దూది పోగు పట్టుకుందంటే అక్కడ పగులు ఉన్నట్టే. ఆ పగులే తర్వాత దారాన్ని కోస్తుంది.

[తెర మీద: స్పూలు అంచు, పక్కన కొలబద్ద]

వ్యాఖ్యానం: ఇప్పుడు రీలు. మామూలుగా 6000 నుంచి 8000 సైజు పెడతారు. కానీ ఒక కంపెనీ 6000 ఇంకో కంపెనీ 6000 ఒకటే కాదు. అంకె వదిలేసి, దారం చుట్టుకునే స్పూలు మీద రాసిన పట్టు చూడండి. 0.35 మిల్లీమీటర్ల తంగూసు 250 మీటర్లు పట్టాలి. స్పూలు వెడల్పుగా, పొడుగ్గా ఉంటే దారం తేలిగ్గా ఊడుతుంది. బేరింగులు ఎన్ని ఉన్నాయన్నది పెట్టె మీద గొప్పకే. ఉప్పునీరు లోపలికి పోకుండా మూత ఎలా ఉందో అడగండి.

దారాన్ని అంచుకు 2 మిల్లీమీటర్ల కిందదాకా నింపండి. తగ్గితే అంచుకు రాసుకుని దూరం పోదు. అంచుదాకా నింపితే చుట్లు కుప్పగా ఊడి, గాల్లోనే ముడి పడుతుంది. అల్లిన దారం వేస్తే ముందు అడుగున కొన్ని చుట్లు తంగూసు చుట్టండి. లేకపోతే నున్నని స్పూలు మీద మొత్తం దారం జారి తిరుగుతుంది.

[తెర మీద: రెండు దారాలు ముడిపడిన చోటు]

వ్యాఖ్యానం: ఇది షాక్ లీడర్. విసిరే క్షణంలో పడే కుదుపును తట్టుకునే లావు తంగూసు. గుండులో ఔన్సుకు 10 పౌండ్ల బలం లెక్కేసుకోండి. 140 గ్రాములంటే 5 ఔన్సులు, కాబట్టి 50 పౌండ్లు, అంటే సుమారు 23 కిలోలు. పొడవు రాడ్డుకు రెండింతలు, దానిపైన స్పూలు మీద ఐదారు చుట్లు. 12 అడుగుల రాడ్డుకు సుమారు 9 మీటర్లు. లీడర్ లేకుండా విసిరి సన్న దారం తెగిందంటే ఆ గుండు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. పక్కన మనుషులుంటే తల పగులుతుంది. ఇక్కడ మాత్రం సర్దుబాటు వద్దు.

గుండు నీళ్లలో పడ్డాక, దారాన్ని స్పూలు మీదికి మళ్లించే బెయిల్ తీగను చేత్తో మూయండి. హ్యాండిల్ తిప్పి మూస్తే వదులు చుట్టు స్పూలు మీద పడి, తర్వాతి విసురులో చిక్కు పడుతుంది. విసురు మధ్యలో ఆ తీగ దానంతటదే పడిపోతే దారం తెగుతుంది. అందుకే కొట్లో రీలు చేతికిచ్చినప్పుడు తెరిచి, నాలుగైదు సార్లు గట్టిగా ఊపండి. పడిపోయిందా, ఆ రీలు వద్దు.

[దగ్గరగా: తీగ మూలన తిరిగే చిన్న రోలరు]

వ్యాఖ్యానం: ఇంకోటి. దారం మీదుగా పోయే ఈ చిన్న రోలరుకు తంగూసు తగిలించి, కొంచెం బరువుతో ముందుకీ వెనక్కీ లాగండి. రోలరు తిరగాలి. దారం మాత్రమే జారుతూ రోలరు కదలకపోతే, మెలి పడే రీలు అది.