అద్దం పైకి రావట్లేదా? మోటారు కొనకముందు ఇది చూడండి

[దగ్గరి షాట్: ఎడమ ముందు డోరు స్విచ్. వేలు నొక్కుతోంది. టిక్‌మన్న చప్పుడు తప్ప కదలిక లేదు.]

నమస్తే అండీ. ఈ కారు నిన్న వానలో వచ్చింది. ఎడమ ముందు అద్దం సగం దిగి అక్కడే ఆగిపోయింది. కిటికీకి పాలిథిన్ కవరు అంటించుకుని తోలుకొచ్చారు, పాపం. "మోటారు మార్చి నెల కూడా కాలేదండీ" అన్నారాయన. కొత్త మోటారేసినా పాత జబ్బే.

ముందు చెవి పెట్టండి. స్విచ్ నొక్కితే లోపల మోటారు తిరుగుతున్న చప్పుడు వచ్చి అద్దం కదలకపోతే, కరెంటు గొడవ కాదు. అద్దాన్ని ఎత్తే కేబులు తెగుంటుంది. ఇక్కడ పైకి నొక్కితే చప్పుడే లేదు.

[షాట్: కారు లోపలి లైటు.]

ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, లోపలి లైటు వేయండి. లైటును చూస్తూ స్విచ్ నొక్కండి. లైటు కాస్త మందగిస్తే, మోటారు కరెంటు లాగుతోంది కానీ తిరగలేకపోతోందని అర్థం. అద్దం రబ్బరులో బిగుసుకుందో, మోటారే పట్టేసిందో చూడాలి. పైకి నొక్కినా మన లైటు చెక్కుచెదరలేదు. అంటే కరెంటు పారడమే లేదు.

నాలుగు అద్దాలూ పనిచేయకపోతే ఫ్యూజు, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) చూడండి. ఆ ఫ్యూజు ఎక్కువగా 20 నుంచి 30 ఆంపియర్లుంటుంది. ఎగిరిపోతోందని పెద్దది వేయకండి, వైరు కాలుతుంది. ఇంకోటి, నవ్వకండి: డ్రైవర్ దగ్గర విండో లాక్ బటన్ నొక్కి ఉందేమో చూసుకోండి. దానికోసం డోర్ ప్యాడ్లు విప్పినవాళ్లున్నారు.

ఇప్పుడు అసలు క్లూ. ఈ అద్దం దాని సొంత స్విచ్‌తో కిందికి దిగుతోంది. ఇందాక ఒక అంగుళం దిగగానే భయపడి వదిలేశాను. పైకి మాత్రం రాదు. డ్రైవర్ దగ్గరి స్విచ్‌తో అయితే ఎటూ కదలదు. ఎందుకంటారా?

[కాగితం మీద గీస్తూ]

మామూలు పవర్ విండో మోటారుకు రెండే వైర్లు. ఒకదానికి 12 వోల్టులు, రెండోదానికి ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగెళ్లే దారి, ఇస్తే పైకి. తారుమారు చేస్తే కిందికి. ఇలాంటి వైరింగ్ ఉన్న కార్లలో ఎడమ డోరు మోటారుకు ఎర్త్ ఆ డోరులో దొరకదు. డ్రైవర్ డోరు స్విచ్ దాకా వెళ్లి, అక్కడ తీసుకుంటుంది. అందరూ సప్లై కోసం వెతుకుతారు, ఎర్త్‌ను పట్టించుకునేవాడే ఉండడు. పైకి వెళ్లేటప్పుడు ఎర్త్ తెచ్చే వైరు ఎక్కడో పోయింది. కిందికి దిగేటప్పుడు ఎర్త్ రెండో వైరులో వస్తుంది, అందుకే దిగుతోంది. డ్రైవర్ స్విచ్ ఎటు నొక్కినా రెండు వైర్లూ కావాలి, అందుకే దాంతో ఎటూ కదలదు.

[షాట్: డోర్ ప్యాడ్ విప్పి ఉంది. మోటారు కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు), మల్టీమీటర్.]

మోసపోయేది ఇక్కడే. కప్లర్ పీకి, పైకి నొక్కి, రెండు పిన్నుల మధ్య మీటరు పెడుతున్నా. చూడండి, 12.3. "కరెంటు వస్తోంది, కాబట్టి మోటారే పోయింది" అనిపిస్తుంది కదా. అలా అనుకునే ఆ మోటారు మార్చి ఉంటారు.

ఇప్పుడు కప్లర్ తిరిగి పెట్టి, వెనకనుంచి మీటరు పిన్ను గుచ్చి, స్విచ్ పైకి నొక్కుతున్నా. అర వోల్టు! తెగిన వైరులో ఒక్క పోగు అంటుకుని ఉన్నా మీటరుకు చాలు, మోటారుకు చాలదు. మీటరు లేకపోతే 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టి చూడండి. అది దాదాపు రెండు ఆంపియర్లు లాగుతుంది కాబట్టి అబద్ధం చెప్పదు.

అలా నొక్కి ఉంచినప్పుడు ఎర్త్ వైపు వైరుకూ బాడీకీ మధ్య వోల్టులు సున్నాకు దగ్గరగా ఉండాలి. ఇక్కడ 11.8. ఇక పదండి డ్రైవర్ డోరు దగ్గరికి.

[షాట్: డ్రైవర్ డోరుకూ బాడీకీ మధ్య ముడతల రబ్బరు గొట్టం.]

కారులో అన్నిటికంటే ఎక్కువసార్లు తెరిచి మూసే డోరు ఇదే. ప్రతిసారీ ఈ గొట్టంలో వైర్లు వంగుతాయి. మా కుర్రాడు అటు స్విచ్ పైకి నొక్కి పట్టుకున్నాడు. నేను డోరు మెల్లగా ఊపుతున్నా... అదిగో, ఎగిరింది అద్దం!

గొట్టం జరిపితే వైర్లన్నీ బాగానే కనిపిస్తాయి. ఒక్కోటి పట్టుకుని కొంచెం లాగండి. మంచి వైరు సాగదు. ఇదిగో ఇది జీళ్లపాకంలా సాగుతోంది. లోపల రాగి లేదు, తొడుగే మిగిలింది. కోస్తే పచ్చటి చిలుము రాలింది.

బ్యాటరీ నెగటివ్ తీసి పని మొదలుపెట్టండి. మెలేసి టేపు చుడితే మళ్లీ వానాకాలానికి ఇదే కథ. అతుకు వంగేచోట ఉండకూడదు, సోల్డరింగ్ చేసినచోట వైరు బిరుసెక్కి దాని అంచున విరుగుతుంది. అందుకే అంతే మందమున్న, సన్న పోగుల మెత్తటి వైరు ముక్క తీసుకుని, అతుకులు రెండూ గొట్టానికి బయట పడేలా వేశాను. పైన హీట్ ష్రింక్ స్లీవ్, అంటే వేడి చేస్తే బిగుసుకునే తొడుగు. ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీటును మళ్లీ అంటించడం మరవకండి, లేకపోతే వాన నీళ్లు కాళ్ల దగ్గరికొస్తాయి. ఒక్క నొక్కుతో పైకెళ్లే అద్దమైతే, బ్యాటరీ తీశాక చాలా కార్లలో దానికి రీసెట్ చేయాలి. పద్ధతి కారు పుస్తకంలో ఉంటుంది.

[షాట్: అద్దం పూర్తిగా పైకి వెళ్లింది.]

పాత మోటారు డిక్కీలోనే పడేసి ఉంచారు ఆయన. బ్యాటరీకి తగిలించి చూశాను. గిర్రున తిరిగింది.