స్టేజీ చివర మరాకస్

సభకు నమస్కారం.

మన ఊరి ఆర్కెస్ట్రాల గురించి మాట్లాడమని అడిగారు. నాకు లోపలి నుంచి తెలిసింది ఒక్క ఆర్కెస్ట్రా సంగతే. ఇదే భీమవరంలో 1979 నుంచి పన్నెండేళ్లు నేను వాయించిన బృందం. దాని పేరు గానీ, మనుషుల పేర్లు గానీ చెప్పను. వాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. ఉన్నవాళ్లను అడగకుండా నలుగురిలో పేర్లు ఎత్తడం నాకు ఇష్టం లేదు.

హార్మోనియం వాయించే మాస్టారు హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పేవారు. గిటార్ బ్యాంకు ఉద్యోగి. తబలా ఆయన బట్టల కొట్లో గుమస్తా, ఫ్లూట్ ఆయన రైస్ మిల్లులో లెక్కలు రాసేవారు. ఢోలక్‌కి ఒకరు, చేతులతో వాయించే పొడుగాటి డ్రమ్ములు కాంగోలకి ఒకరు, ట్రిపుల్ డ్రమ్ముకి ఒకరు. పాడేవాళ్లు ఇద్దరు. పదోవాణ్ణి నేను. అప్పటికి నాకు పదిహేనేళ్లు. వాయించడం ఏమీ రాదు. రోజూ రిహార్సల్ గది గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటే మాస్టారు ఒకరోజు లోపలికి పిలిచి చేతిలో మరాకస్ జత, అంటే లోపల గింజలుండే గిలకల జత, పెట్టారు.

మరాకస్ అంటే ఊపడమే కదా అనుకుంటారు చాలామంది. అందులో గింజలు చెయ్యి కదిలినప్పుడు కాదు, ఆగినప్పుడు తగులుతాయి. కాబట్టి చెయ్యి తాళానికంటే రవ్వంత ముందు బయలుదేరాలి, సరిగ్గా తాళం మీద ఆగాలి. “పాట వినకు, ఢోలక్ ఆయన ఎడమ చెయ్యి చూడు” అన్నారు మాస్టారు. మూడు నెలలు అదే చూశాను. ఆ తర్వాత చూడాల్సిన అవసరం లేకుండా ఆ చెయ్యి నాకు వినిపించడం మొదలైంది. నేను నేర్చుకున్న సంగీతానికంతటికీ మొదలు అదే.

ఆ రోజుల్లో సినిమా పాట విని పట్టడం అంటే పెద్ద పని. సాహిత్యానికి ఇబ్బంది లేదు, సినిమా హాలు బయట పాటల పుస్తకాలు అమ్మేవారు. కష్టమంతా బిట్ల దగ్గరే. పల్లవికీ చరణానికీ మధ్య వయొలిన్లు ఏం పలికాయి, ఫ్లూట్ ఎక్కడ అందుకుంది, రిథమ్ ఎక్కడ మారింది, ఇవి ఏ పుస్తకంలోనూ ఉండవు. వివిధభారతిలో జనరంజని వచ్చే టైముకి అందరం రేడియో చుట్టూ చేరేవాళ్లం. పాట మళ్లీ ఎప్పుడు వేస్తారో తెలియదు కాబట్టి ముందే పంచుకునేవాళ్లం. మొదటి బిట్ మాస్టారిది, రెండోది గిటార్ ఆయనది, రిథమ్ మలుపులు ఢోలక్ ఆయనవి. పాట అయిపోగానే ఎవరూ మాట్లాడకూడదు. మాస్టారు కళ్లు మూసుకుని లోపల పాడుకుంటూ పొడుగు నోటు పుస్తకంలో సరిగమలు రాసేసేవారు. అప్పటికీ పట్టుబడకపోతే కాంగో ఆయన సెకండ్ షోకి నేల టికెట్ కొనుక్కుని వెళ్లేవాడు. ఒక్క పాట కోసం అదే సినిమాకి మూడు రాత్రులు వెళ్లిన సందర్భాలున్నాయి.

తర్వాత టేప్ రికార్డర్ వచ్చి కొంత తేలికైంది. కానీ దానితో ఒకసారి గట్టి దెబ్బ తిన్నాం. కొత్త పాట ఒకటి క్యాసెట్ మీద వారం రోజులు సాధన చేశాం. ప్రోగ్రాం ముందు రోజు మా గాయని వచ్చింది. ఆ అమ్మాయిది తణుకు. వాళ్ల నాన్నగారితో బస్సులో వచ్చి వెళ్లేది. నాలుగు మాటలు పాడి ఆగిపోయి, “మాస్టారూ, ఇది అర శృతి కిందకుందండీ” అంది. తను రేడియోలో విని నేర్చుకుంది. మాకు నమ్మకం కుదరలేదు. తీరా చూస్తే మా టేప్ రికార్డర్‌లో సెల్స్ అయిపోవచ్చి టేపు నెమ్మదిగా తిరుగుతోంది. మేం వారం రోజులుగా దిగిపోయిన పాట నేర్చుకున్నాం.

మాస్టారు అక్కడికక్కడే అన్ని బిట్లూ అర శృతి పైకి మార్చి వాయించారు. హార్మోనియం మీద అర శృతి మారితే వేళ్లు పడే మెట్లన్నీ మారిపోతాయి. గిటార్ ఆయన కూడా సర్దుకున్నారు. ఫ్లూట్ ఆయనకే చిక్కొచ్చింది. పిల్లనగ్రోవి ఏ శృతికి తయారైతే ఆ శృతికే పలుకుతుంది, ఆయన సంచిలో ఆ శృతిది లేదు. ఆ బిట్ హార్మోనియం మీదే వాయించాం. ఆ పాట నడిచినంతసేపూ ఫ్లూట్ ఆయన స్టేజీ మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆ నెల జీతంలోంచి ఆ శృతి ఫ్లూట్ కొనుక్కున్నారు. ఆ గాయని చెవి గురించి మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ సభాముఖంగా చెప్పలేదు. అందుకే ఈరోజు చెబుతున్నాను.

మా సీజన్ వినాయక చవితి పందిళ్లతో మొదలయ్యేది. దసరా, సంక్రాంతికి మొదలయ్యే మావుళ్లమ్మవారి ఉత్సవాలు, ఫిబ్రవరి 11న ఘంటసాలగారి వర్ధంతి, ఆపైన శ్రీరామనవమి. పందిళ్లలో చదివింపులుండేవి. ఫలానా వారు ఈ పాటకి సంతోషించి రెండు రూపాయలు అని మైకులో చదివేవాళ్లం. అన్నీ పోను మనిషికి ముప్పై, నలభై రూపాయలు మిగిలేవి. గాయని డబ్బు మాత్రం మాస్టారు ప్రోగ్రాంకి ముందే వాళ్ల నాన్నగారి చేతిలో పెట్టేవారు. ఆ క్రమం ఏనాడూ తప్పలేదు.

జనవరి రాత్రులు ఢోలక్‌కి గండం. పన్నెండు దాటితే మంచు పడి చర్మం వదులైపోతుంది, పలుకు చచ్చిపోతుంది. తాళ్లకున్న రింగులు లాగి బిగించినా రెండు పాటలకి మళ్లీ దిగుతుంది. అందుకని పాటకీ పాటకీ మధ్య ఢోలక్‌ని లైటు దగ్గరగా పట్టుకుని కాచడం నా పని. ఎక్కువ కాస్తే శృతి దాటిపోతుంది. వేలితో అంచు మీద మెల్లగా తట్టి, హార్మోనియంతో కలిసిందనిపించాక ఇవ్వాలి. అలా నాలుగేళ్లు ఆ ఢోలక్‌ని కాచాక, ఒక రాత్రి ఆయనకి జ్వరం వస్తే అది నా ఒళ్లోకొచ్చింది.

బాలసుబ్రహ్మణ్యంగారు తొలిరోజుల్లో నడిపిన బృందంలో ఇళయరాజాగారూ, ఆయన అన్నదమ్ములు భాస్కర్, గంగై అమరన్ వాయించేవారు. అంతకుముందు ఇళయరాజాగారు వాళ్ల పెద్దన్నయ్య పావలర్ వరదరాజన్ బృందంతో ఊళ్లు తిరిగారు. మాస్టారు ఈ సంగతి మాకు తరచూ చెప్పేవారు. మేమంతా అంతవాళ్లం అవుతామని కాదు. అంత పెద్దవాళ్లకైనా మొదట ఎవరో ఒకరు పక్కన కూర్చునే చోటు ఇచ్చారని.

ఇక చెప్పడానికి కష్టమైన సంగతి. రోలాండ్ కంపెనీ ఆక్టాపాడ్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం 1985లో వచ్చింది. ఎనిమిది గళ్లుంటాయి, ఒక్కో గడికి ఒక్కో వాయిద్యం పెట్టుకుని పుల్లలతో వాయించవచ్చు. మేం 1991లో మద్రాసు నుంచి ఒకటి, దాంతోపాటు శబ్దాలు పలికించే పెట్టె ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తెప్పించాం. కొందామని పట్టుబట్టింది నేను. డబ్బులో సగం నేను అప్పు తెచ్చాను. వాయించింది కూడా నేనే. మంచుకి దిగదు, కాచక్కర్లేదు, కాంగోలూ ట్రిపుల్ డ్రమ్మూ అన్నీ అందులోనే పలుకుతాయి. రెండు నెలల్లో ఆ ఇద్దరూ రావడం మానేశారు. వాళ్లని ఎవరూ వెళ్లమనలేదు. వచ్చినా కూర్చుని వాయించడానికి ఏమీ లేదు. ఆరు నెలలకి ఢోలక్ ఆయన, అదే నాకు చెయ్యి చూపించినాయన, ఢోలక్ నా దగ్గరే ఉంచేయమని కబురు పంపారు. ఆ ఏడాది చివరికి బృందమే ఆగిపోయింది. పాట బాగా వినిపించాలన్న ఆశతోనే కొన్నాను. కానీ ఆ ముగ్గురి ఇళ్లకీ వెళ్లి మాట్లాడి ఉండాల్సింది. వెళ్లలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు కరోకే ట్రాక్ మీద మన పిల్లలు ఎంతో బాగా పాడుతున్నారు. బిట్లు ఒరిజినల్‌లో ఉన్నట్టే వస్తాయి, ట్రాకు శృతి తప్పే ప్రశ్నే లేదు. నేను వాళ్ల ప్రోగ్రాములకి వెళ్తాను, సంతోషంగా వింటాను. కానీ వాయించడం రాని పదిహేనేళ్ల కుర్రాడు గుమ్మంలో నిలబడి చూస్తుంటే ఆ ట్రాకులో అతన్ని కూర్చోబెట్టే చోటు ఎక్కడుంది?

నిర్వాహకులను ఒక్కటే అడిగాను, ఒప్పుకున్నారు. వచ్చే చవితి పందిట్లో ఒక గంట ట్రాక్ లేకుండా, ఉన్న వాయిద్యాలతో వాయిద్దాం. తప్పులు వస్తాయి, రానిద్దాం.

ఈరోజు చివర్లో రెండు పాటలు అలాగే వాయిస్తాం. మాస్టారి అబ్బాయి హార్మోనియం తెచ్చారు. ఆ ఢోలక్ నేను తెచ్చాను. మధ్యాహ్నం నుంచీ ఎండలో కార్లో ఉంది, బాగా బిగిసిపోయి ఉంటుంది, ఓ పది నిమిషాలు చల్లబడనివ్వాలి. మరాకస్ జత ఇదిగో, ఈ బల్ల మీద పెడుతున్నాను. గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్లల్లో ఎవరైనా రండమ్మా, ముందుకి రండి.